యాభై ఎనిమిది యూనిట్లు

పోయినేడాది ఆగస్టు చివర్లో నేనూ క్రిస్టీ అలాస్కా ఉత్తరాన, ఆర్కిటిక్ వలయం దాటి, కొండల మధ్య ఒక చెరువు ఒడ్డున నాలుగు రోజులు గడిపి రావాలని వెళ్లాం. ఆరు రోజులు ఉండాల్సొచ్చింది. ఆ ఎక్కువైన రెండు రోజులు ఎవరితోనూ పూర్తిగా చెప్పలేదు. చర్చిలో సాక్ష్యం చెప్పమని పాస్టర్ గారు అడిగినా, విమానం ఆలస్యమైందని, దేవుడు కాపాడాడని చెప్పి కూర్చున్నాను.

క్రిస్టీ నా కడుపున పుట్టిన పిల్ల కాదు. మా ఆయన సుందర్ రాజ్‌కి మొదటి భార్య వల్ల పుట్టింది. వాళ్లమ్మ విడిపోయి ఫ్రిస్కోలో వేరే సంసారం పెట్టుకుంది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టి అప్పటికి రెండేళ్లు. పిల్లకి పద్దెనిమిది నిండాయి. ఎనిమిదో ఏటనించీ టైప్ వన్ డయాబెటిస్. ఒంట్లో ఇన్సులిన్ బొత్తిగా తయారవదు. నడుముకి ఇన్సులిన్ ఎక్కించే చిన్న పంపు, చేతికి షుగర్ చూపించే సెన్సర్. ఇన్సులిన్ ఆగిపోతే ఒక్క రోజులో మనిషి ఆస్పత్రి పాలవుతుంది.

ఆ పార్కు పేరు గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్. లోపలికి రోడ్డు లేదు, కాలిబాట కూడా లేదు. చిన్న విమానం దింపితే దిగాలి, మళ్లీ అదే వచ్చి ఎక్కించుకోవాలి. మొదటిసారి మార్చిలో, క్రిస్టీ స్ప్రింగ్ బ్రేక్‌కి, ముగ్గురం వెళ్లాం. చక్రాలకి బదులు స్కీలు తగిలించిన విమానం గడ్డకట్టిన చెరువు మీద దిగింది. పైలట్ అరగంట టైమిచ్చాడు. ఎటు చూసినా తెలుపే. ఇంజన్ ఆపేసరికి మా ఊపిరి చప్పుడు మాకే వినపడింది. క్రిస్టీ ఆ మంచు మీద ఒక్కతే దూరంగా నడిచి, వెనక్కి తిరిగి, "డాడీ, ఐ వాంట్ టు స్టడీ హియర్. ఫెయిర్‌బ్యాంక్స్‌లో. జంతువుల మీద," అని అరిచింది.

ఆయన అడిగింది ఒక్కటే: "నంబరెంత?"

చలికి ఫోన్ ఆఫైపోయింది. సెన్సర్ అంకె కనపడలేదు. పంపు తీసి చూసుకోవాలంటే ఆ చలిలో నాలుగు పొరల కోటు విప్పాలి. ఆయన పైలట్ ముందే పిల్ల మీద కేకలేశారు. "ఇక్కడా చదువుతావు? ఇక్కడ పడిపోతే ఎవడు చూస్తాడు నిన్ను?" పదిహేను నిమిషాలు కూడా కాకుండానే అందర్నీ విమానం ఎక్కించేశారు. తిరుగు ప్రయాణంలో ముగ్గురం మూడు కిటికీల్లోంచి చూస్తూ కూర్చున్నాం.

ఫెయిర్‌బ్యాంక్స్ యూనివర్సిటీలో సీటొచ్చింది. ఆయన వద్దన్నారు. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో, మా ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర రెండు నెలలు యుద్ధం. చివరికి క్రిస్టీ చేరడం జనవరికి వాయిదా వేయించుకుని, ఒక పందెంలాంటిది పెట్టింది. అదే చోటికి ఆగస్టులో వెళ్తుంది. నాలుగు రోజులు తన ఇన్సులిన్ తనే చూసుకుంటుంది. డాడీ రాకూడదు. ఏ తేడా రాకుండా తిరిగొస్తే ఆయన సంతకం పెట్టాలి.

"ఒక్కదాన్నే పంపను. వసంత వస్తుంది," అన్నారాయన.

"ఫైన్. ఆంటీ రావచ్చు," అంది క్రిస్టీ.

నన్ను ఇద్దరూ అడగలేదు.

బయల్దేరే ముందురోజు గరాజ్‌లో సామాన్లు సర్దుతుంటే ఆయన, "ఇన్సులిన్ సీసాలు రెండూ ఒక దగ్గర పెట్టొద్దు. ఒకటి వసంత బ్యాగ్‌లో పెట్టు," అన్నారు.

"నా మందు నా దగ్గరే ఉంటుంది డాడీ. అదే కదా పాయింట్."

ఆయన నావైపు చూశారు. నేను టెంట్ మేకులు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను.

* * *

సోమవారం మధ్యాహ్నం నీళ్ల మీద దిగే విమానం మమ్మల్ని దింపి వెళ్లిపోయింది. మార్చిలో చూసిన చోటేనని చెబితే తప్ప పోల్చుకోలేం. నేలంతా ఎర్రగా, పసుపుగా, బ్లూబెర్రీ తుప్పలతో నిండిపోయి ఉంది. మోకాలెత్తు విల్లో పొదలు. కాలు పెడితే తడి పరుపులా దిగబడే నేల. చెరువు అవతలి గట్టున దుప్పులు నీళ్లు తాగుతున్నాయి. క్రిస్టీ ఐదు నిమిషాల్లో టెంట్ వేసేసింది. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో ఐల్ రాయల్ దీవిలో ఎన్నిసార్లు క్యాంప్ చేసిందో, ఆ చేతులు చూస్తే తెలుస్తుంది. నేను పక్కన నిలబడి తాళ్లు అందించాను.

శాటిలైట్ మెసెంజర్‌లో పొద్దున, సాయంత్రం ఆయన మెసేజ్ వచ్చేది. "నంబరెంత?" క్రిస్టీ చెప్పేది, నేను టైప్ చేసేదాన్ని. నూట పన్నెండు. నూట ముప్ఫై. అంత బాగా ఇంట్లో కూడా ఎప్పుడూ లేవు.

మంగళవారం కొండెక్కి వచ్చాం. దిగేటప్పుడు సన్నగా వాన పట్టుకుంది. తిరిగొచ్చాక క్రిస్టీ తన బ్యాగ్‌లోంచి ఇన్సులిన్ సంచి తీసి, రాత్రి చలికి గడ్డకట్టకుండా స్లీపింగ్ బ్యాగ్ అడుగున దోపి, చెరువు దగ్గరికి నీళ్లకి వెళ్లింది. సాయంత్రం వాన తెరిపిచ్చింది. స్లీపింగ్ బ్యాగులు చెమ్మగా ఉన్నాయని నేను వాటిని బయటికి లాగి పొదల మీద ఆరేశాను. సంచి కింద పడింది. చిన్నది, నీలం రంగుది, మెత్తగా దూది పొర ఉన్నది. దాన్ని తీసి, పోకుండా ఉంటుందని, క్రిస్టీ బ్యాగ్ పైజేబులో పెట్టి జిప్ లాగాను. ఆ బ్యాగ్ ఎప్పట్లాగే బయట టార్పాలిన్ కిందే ఉండిపోయింది. మళ్లీ పడకలు లోపల వేసేటప్పటికి ఆ సంగతి నా బుర్రలో లేదు.

బుధవారం పొద్దున్న లేచేసరికి టెంట్ కప్పు నా ముఖానికి తగులుతోంది. బయటికి తోస్తే మంచు జారింది. ఒక్క రాత్రిలో ఎరుపూ పసుపూ పోయి అంతా తెల్లబడింది. థర్మామీటర్ సున్నాకి ఆరు డిగ్రీలు కింద చూపిస్తోంది. ఎదురు కొండలు లేవు. బూడిదరంగు మబ్బు చెరువు మీదికే దిగిపోయింది.

క్రిస్టీ తన స్లీపింగ్ బ్యాగ్ అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికింది. మొత్తం తిరగేసి దులిపింది. తర్వాత సాక్సులతోనే బయటికి పరిగెత్తింది.

బ్యాగ్ పైజేబులోంచి సంచి తీసి, సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. లోపల తెల్లటి గడ్డ. రెండోది కూడా అంతే.

"ఐ ఫర్గాట్," అంది. గొంతు చాలా చిన్నదైపోయింది. "నిన్న హైక్ నించి వచ్చాక తీశాననుకున్నా. తీయలేదు. ఓ మై గాడ్ ఆంటీ, తీయలేదు నేను."

నీలం సంచి, జిప్పు చప్పుడు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

"కరిగితే పనికొస్తుంది కదా?" అన్నాను.

"రాదు. గడ్డకడితే అది పాడైనట్టే. అసలేం లేకపోతే చివరికి వేసుకుని చూడొచ్చు, కానీ పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు." పంపు బటన్ నొక్కి చూసింది. "ఇందులో యాభై ఎనిమిది యూనిట్లున్నాయి. ఇవాళ రీఫిల్ చేయాల్సింది. మామూలుగా నాకు రోజుకి నలభై."

"విమానం రేపొస్తుంది కదా."

"రేపొస్తే ఓకే." మబ్బువైపు చూసి, నావైపు తిరిగింది. "ఆంటీ, డాడీకి చెప్పొద్దు ప్లీజ్. నేను మర్చిపోయానని తెలిస్తే అయిపోయింది. హి విల్ నెవర్ లెట్ మీ గో."

"చెప్పనులే," అన్నాను.

అలా అన్నప్పుడు నాకు కలిగింది జాలి కాదు. హమ్మయ్య అనిపించింది. అది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

* * *

విమానం వాళ్లకి మెసేజ్ పెట్టాం. కనుమలో మంచు కురుస్తోంది, మబ్బు పైకి లేస్తేగానీ రాలేమన్నారు. గురువారం అదే జవాబు. గురువారం సాయంత్రం కూడా అదే.

క్రిస్టీ పార్కు మ్యాపు వెనక్కి తిప్పి పెన్సిల్‌తో గళ్లు గీసింది. గంట, షుగర్, ఎన్ని యూనిట్లు, ఎన్ని నీళ్లు, ఏం తిన్నది. పంపుని గంటకి ముప్పావు యూనిట్ కన్నా తక్కువకి దించింది. అన్నం, అటుకులు, బార్లు ముట్టుకోవడం మానేసింది. పల్లీలు, చీజ్ ముక్కలు, నీళ్లు, అంతే. పంపు గడ్డకట్టకుండా చొక్కా లోపల చర్మానికి ఆనించి కట్టుకుంది. ఈ పనులన్నీ చేస్తూనే మధ్యమధ్యలో ఆగి, "ఎలా మర్చిపోయాను? నేనెప్పుడూ మర్చిపోను," అనేది. నన్ను కాదు, తనని తనే అడుక్కునేది.

నేను స్టవ్ మీద మంచు కరిగిస్తూ కూర్చునేదాన్ని. ఒక్క వాక్యం. చెబితే చాలు. కానీ ఎప్పుడు చెబుదామన్నా, ఇప్పుడు చెబితే ఇంకా కంగారు పడుతుంది, విమానంలో చెప్తాను, హోటల్లో చెప్తాను అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ప్రార్థన చేస్తూ కళ్లు మూసుకుంటే కూడా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగి, పక్కనించి పోయేదాన్ని.

ఆయన మెసేజ్: "నంబరెంత?"

"రెండు వందల నలభై," అంది క్రిస్టీ. టైప్ చేశాను.

"ఎందుకంత?"

"పంపు సూది సరిగ్గా గుచ్చుకోలేదు, మార్చానని చెప్పండి."

అదీ టైప్ చేశాను.

శుక్రవారం పొద్దున్న ఆమె వాంతి చేసుకుంది. కీటోన్ పరీక్ష చీటీ లేత ఊదారంగు నించి ముదురు ఊదాకి తిరిగింది. ఒంట్లో విషం పేరుకుంటోందని దాని అర్థం. షుగర్ రెండు వందల తొంభై. పంపులో ఇరవై మూడు యూనిట్లు. పెదాలు తెల్లగా ఎండిపోయాయి. ఊపిరి లోతుగా, బరువుగా తీస్తోంది.

నేనింక ఆమెని అడగలేదు. మెసెంజర్ పక్కనున్న మూత తీసి, ప్రమాదంలో నొక్కాల్సిన ఎర్ర బటన్ నొక్కి పట్టుకున్నాను. ఇన్సులిన్ గడ్డకట్టిందని, పంపులో ఇరవై మూడు యూనిట్లే ఉన్నాయని రాశాను.

పది నిమిషాల్లో జవాబొచ్చింది. సమాచారం అందింది. హెలికాప్టర్ సిద్ధంగా ఉంది. మబ్బు లేచేదాకా అది కూడా రావడం కుదరదు. పంపు ఆపొద్దు, నీళ్లు తాగిస్తూ ఉండండి, ఇంటివాళ్లకి మేం తెలియజేస్తున్నాం.

వెంటనే ఆయన మెసేజ్. "ఇన్సులిన్ గడ్డకట్టిందా? ఎలా? ఎవరి దగ్గరుంది?"

క్రిస్టీ నా చేతిలో పరికరాన్ని తలెత్తి చూసింది. తర్వాత మళ్లీ వెనక్కి వాలి, టెంట్ కప్పు చూస్తూ చెప్పింది.

"రాయండి ఆంటీ. క్రిస్టీ బయట మర్చిపోయింది అని. జనవరి వద్దులే అని కూడా రాయండి. హి వాజ్ రైట్. నేనొక్కదాన్నే ఉండలేను."

నేను గ్లవ్ తీసేశాను. చిన్న తెర మీద క్రిస్టీ అని టైప్ చేశాను. తర్వాతి మాట పడలేదు. వేలు ఆ అక్షరాల మీదే ఉండిపోయింది. బయట మంచు టెంట్ మీద ఇసక పోసినట్టు రాలుతోంది.

"నువ్వు మర్చిపోలేదు," అన్నాను.

"వాట్?"

"సంచి నువ్వు స్లీపింగ్ బ్యాగ్‌లోనే పెట్టావు. మంగళవారం సాయంత్రం పడకలు ఆరేస్తూ నేనే తీశాను. నేనే నీ బ్యాగ్ జేబులో పెట్టాను. నువ్వు నీళ్లకి వెళ్లావు అప్పుడు."

ఆమె మోచేతి మీద లేచింది. ముఖంలో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టుంది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

రెండేళ్లలో ఆ పిల్ల నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి.

"బుధవారం పొద్దున. నువ్వు సీసా ఎత్తి చూసినప్పుడే."

"బుధవారం." వేళ్లు మడిచింది. "ఇవాళ శుక్రవారం. డాడీకి నా అబద్ధాలన్నీ నువ్వే టైప్ చేశావు. నేను ఏడుస్తుంటే పక్కనే కూర్చుని చూశావు."

"అవును."

"ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది. మీ నాన్నకి చెప్పాలంటే... నీకు కూడా. ఇంక నన్ను ఆ ఇంట్లో ఎవరూ నమ్మరని."

ఆమె చెయ్యి చాపి, "ఇలా ఇవ్వు," అంది. మెసెంజర్ ఇచ్చాను. నేను రాసినది చెరిపేసి ఏదో టైప్ చేసి పంపింది. నాకు చూపించలేదు. తర్వాత పంపు తీసి, మ్యాపు మీద లెక్క వేసి, గంటకి ఇచ్చే ఇన్సులిన్ కొంచెం పెంచింది. "కీటోన్స్ దిగాలి. రేపు మధ్యాహ్నం దాకా వస్తుంది. కొంచెంసేపు బయటికి వెళ్తావా? నిన్ను చూడలేకపోతున్నాను."

బయటికి వెళ్లాను. టార్పాలిన్ కింద, మంచులో, మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాను. చలికి పళ్లు టకటకమంటున్నాయి. గంట దాటిందో, రెండు గంటలో తెలియదు. లోపల్నించి పిలుపొచ్చింది.

"నీళ్లు అయిపోయాయి."

మంచు కరిగించి తీసుకెళ్లాను. గ్లాసు అందుకుంది. ఆ రోజంతా, శనివారం పొద్దున్నంతా మా మధ్య మాటలు అవే: నీళ్లు, టైమెంత, పెన్సిల్ ఇవ్వు. గంట గంటకీ గడిలో అంకె వేసింది. కళ్లు మూతలు పడుతుంటే, "తొమ్మిదింటికి లేపు," అనేది. నేను లేపేదాన్ని. తనే పరీక్ష చేసుకునేది, తనే రాసుకునేది.

శనివారం పన్నెండు దాటాక చెరువు అవతల కొండ కాళ్లు కనపడ్డాయి. ఒంటిగంటకి నడుము. రెండు కావస్తుండగా, హెలికాప్టర్ కన్నా ముందే, మమ్మల్ని దింపిన విమానం ఇంజన్ చప్పుడు వినిపించింది. పంపులో రెండు యూనిట్లు మిగిలాయి. పైలట్ పరిగెత్తుకుంటూ వచ్చి, దగ్గర్లోని బెటిల్స్ అనే ఊళ్లో ఎవరో పంపిన ఇన్సులిన్ సీసా ముందు ఆమె చేతిలో పెట్టాకే ఎత్తుకుని విమానం ఎక్కించాడు. ఆమె సీసా మీద తేదీ చదివి, ఎన్ని యూనిట్లో పైకి చెప్పి, తనే వేసుకుంది.

* * *

ఫెయిర్‌బ్యాంక్స్ ఆస్పత్రికి ఆయన ఆదివారం పొద్దున్న చేరుకున్నారు. డెట్రాయిట్ నించి రాత్రంతా ప్రయాణం. గడ్డం మాసిపోయి ఉంది. క్రిస్టీకి సెలైన్ ఎక్కుతోంది. రంగు తిరిగొచ్చింది. ఆయన పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి, "నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఐయామ్ మేనేజింగ్, వచ్చాక చెప్తాను అని. ఏం చెప్తావు?" అన్నారు.

క్రిస్టీ నావైపు చూసింది.

నేను చెప్పాను. పడకలు ఆరేసింది, సంచి తీసింది, జేబులో పెట్టింది. "పిల్ల తప్పు లేదు. పొరపాటు నాది," అని ఆపాను.

"మొత్తం చెప్పు," అంది క్రిస్టీ.

కిటికీవైపు చూస్తూ మిగతాది చెప్పాను. బుధవారం నించీ తెలుసని. తనే మర్చిపోయిందని పిల్ల ఏడుస్తున్నా రెండు రోజులు నోరు విప్పలేదని. ఆయన నన్ను తిట్టలేదు. నావైపు చూడను కూడా లేదు. తిట్టినా బాగుండేది.

క్రిస్టీ దిండు కిందనించి మడతలు పడ్డ మ్యాపు తీసి ఇచ్చింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇరవై రెండేళ్లుగా కార్ల ఇంజన్ పరీక్షల అంకెలు చూసే మనిషి. వేలు పెట్టి గడి గడీ చదివారు. గంటకోసారి, మూడు రోజులు, ఎక్కడా ఖాళీ లేదు. శుక్రవారం మధ్యాహ్నం దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ డోస్ ఎందుకు పెంచావు? తక్కువ ఉంది కదా ఇన్సులిన్?"

"దాచుకుంటే కీటోన్స్ చంపేసేవి డాడీ. రేపటికి ఉండాలంటే ముందు ఇవాళ ఉండాలి కదా."

ఆయన మళ్లీ మొదటి గడి నించి చదవడం మొదలుపెట్టారు.

ఇంటికొచ్చాక ఆయన నాతో అవసరమైన మాటలే మాట్లాడారు. చెత్త బుట్ట బయట పెట్టావా, ఆదివారం చర్చికి ఏ టైముకి. సెప్టెంబరు, అక్టోబరు అలాగే గడిచాయి. క్రిస్టీ మాత్రం మాట్లాడింది. ఎక్కువగా దెబ్బలాడింది. వంటగదిలో తన వస్తువు ఒకటి కదిపితే, "అది ముట్టుకున్నావా? నిజం చెప్పు," అనేది. ముట్టుకుంటే ముట్టుకున్నాననేదాన్ని. ఒక రోజు అలా అడిగి, తనే ఫక్కున నవ్వేసింది. నవంబరులో ఆయన కాగితం మీద సంతకం పెట్టి, డైనింగ్ టేబుల్ మీద ఉంచి ఆఫీస్‌కి వెళ్లిపోయారు.

జనవరి రెండో వారంలో ఆయన వెళ్లి క్రిస్టీని హాస్టల్లో దింపి వచ్చారు. నేను డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లి కార్‌లో ఎక్కించుకున్నాను. ఐ–75 హైవే దిగి, బిగ్ బీవర్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడితే ఆగాను.

"ఆ టెంట్‌లో నేనున్నా, ఆ సంచి నేనే తీసి పెట్టినా," అన్నారాయన, అద్దంలోంచి రోడ్డునే చూస్తూ, "చెప్పేవాణ్ని కాదు వసంతా. తనే మర్చిపోయిందని అనుకోనిచ్చేవాణ్ని. ఇంట్లోనే ఉండిపోయేది కదా."

ఆయన చెయ్యి గేర్ మీదున్న నా చేతికి అంగుళం దూరంలో ఆగి ఉంది. లైటు పచ్చబడింది. వెనకవాడు హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. అప్పుడు గానీ కారు కదిలించలేకపోయాను.